గ్రానైట్ ఎంపిక: వాట్సాప్ ఫొటోనా, చీమకుర్తి యార్డా?

ఒంగోలులో ఇల్లు కడుతూ గ్రానైట్‌ను వాట్సాప్ ఫొటోల్లోనే ఖాయం చేసేవాళ్లు ఉన్నారు. తిరుగుడు తప్పుతుంది, గదికి ఏ రంగు నప్పుతుందో కంప్యూటర్లో మార్చి చూసుకోవచ్చు. కానీ అక్కడ పనిచేసేది కన్నొక్కటే, అదీ సగమే.

ఒంగోలు దగ్గర్లోని చీమకుర్తిలో, గ్రానైట్ అమ్మే యార్డులో సంగతి వేరు. మనం పక్కకు జరిగేకొద్దీ బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్‌లోని బంగారు చుక్కలు ఎండకు వెలిగి ఆరుతుంటాయి; ఫొటోలో అవి ఉత్త పసుపు మచ్చలు. రూపాయి బిళ్లతో తడితే మంచి రాయి ఖంగుమంటుంది, పగులుంటే మొద్దు శబ్దం వస్తుంది. చెప్పులు విడిచి, తోలులా కాస్త గరుకుగా తీర్చిన లెదర్ ఫినిష్ రాయి మీద నిలబడితే, వంటగట్టుకు నున్నటి పాలిష్, స్నానాల గదికి ఈ గరుకు అని ఆలోచన దానంతటదే తడుతుంది. ముక్కుకు మాత్రం పనిలేదు, రాతి దుమ్ము తప్ప!

కిటికీ అంచులకైతే ఫొటో చాలు. హాలుకు, వంటగట్టుకు మాత్రం యార్డుకే నా ఓటు.