పాత టీవీ వీడియో గేమ్ కొనేవాళ్ళకు హెచ్చరిక: పైన పాత డొప్ప, లోపల కొత్త బోర్డు

పాత గేమ్ సెట్లు, పాత కంప్యూటర్లు కొనేవాళ్ళు దయచేసి ఇది చదివాకే ఎవరికైనా డబ్బులు పంపండి. కడుపు మండిపోతూ రాస్తున్నాను, ముందుది వెనక్కి, వెనకది ముందుకి అయితే సర్దుకుని చదువుకోండి. ఎవరి గురించో మీలో చాలామందికి ఇట్టే తెలిసిపోతుంది. హైదరాబాద్ నుంచి అమ్ముతాడు, ప్రతి వస్తువు ఫొటో కిందా “మీ బాల్యం మీ ఇంటికి” అని రాస్తాడు. పేరు నేను రాయను. ఆ ఒక్క మాట చాలు.

ఏడున్నర వేలు తీసుకున్నాడు. అట్టపెట్టె, 8 బిట్ వీడియో గేమ్ సెట్టు, రెండు రిమోట్లు, ఒక గన్, రెండు క్యాసెట్లు. “తొంభైల మొదట్లో వచ్చిన సెట్టు, ఎవరూ విప్పలేదు, సోల్డరింగ్ కూడా ఫ్యాక్టరీదే” అన్నాడు. మా తమ్ముడు డల్లాస్ నుంచి సెలవులకు వస్తున్నాడు, వాడితో కూర్చుని మళ్ళీ కాంట్రా గేమ్ ఆడాలని కొన్నాను. విజయవాడలో మా చిన్నప్పుడు నాన్న బీసెంట్ రోడ్డులో కొనిపెట్టిన సెట్టు ఇల్లు మారినప్పుడు ఎటు పోయిందో పోయింది. కాంట్రా ఆడినవాళ్ళకు తెలుసు, మూడో స్టేజీ జలపాతం. తెర పైకి జరుగుతూ ఉంటుంది, ఒకడు గబగబా ఎక్కేస్తే కింద మిగిలినవాడు చచ్చిపోతాడు. ఆ జలపాతం దగ్గర మేమిద్దరం కొట్టుకున్నంత ఇంకెక్కడా కొట్టుకోలేదు. పై, పై, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ నొక్కి స్టార్ట్ కొడితే 30 ప్రాణాలు వస్తాయని వాడికి ఎవరో చెప్పిన రోజు మా ఇంట్లో పండగే.

ఆడితే చాలదా, లోపల ఏ బోర్డు ఉంటే ఏంటి అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. నింటెండో కంపెనీ 1983 జూలైలో జపాన్‌లో ఫ్యామికామ్ అనే గేమ్ సెట్టు వదిలింది. దాన్ని తైవాన్‌లో కాపీ కొట్టి చేసిన సెట్లే మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో మన ఊళ్ళకు చేరాయి. నింటెండో పెట్టె చూడకుండానే మనమంతా మారియో ఆడింది ఆ సెట్ల మీదే. పాత సెట్టు విప్పితే పెద్ద బోర్డు ఉంటుంది, దాని మీద 40 కాళ్ళ చిప్పులు రెండు: ఒకటి ప్రాసెసర్, ఇంకోటి బొమ్మ గీసేది. అప్పటి మన టీవీలు పాల్ అనే ప్రసార పద్ధతివి కాబట్టి వాటికి సరిపోయే సెట్లలో యూఎంసీ అనే చిప్పుల కంపెనీ వాళ్ళ యూఏ6527పీ, యూఏ6538 అనే నంబర్లు కనిపిస్తాయి. చిప్పు చిప్పు విడిగా ఉంటుంది కాబట్టి ఒకటి పోతే అదొక్కటే మార్చుకోవచ్చు, నలభై ఏళ్ళయినా బతికించుకోవచ్చు. తర్వాత తర్వాత ఇవన్నీ ఒకే చిప్పులోకి కుదించి, దాని మీద నల్ల జిగురు బొట్టు వేసి వదిలారు. బొట్టు కింద ఏది పోయినా బోర్డు మొత్తం చెత్తబుట్టకే. అలాంటివి ఇవాళ కొత్తవి వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. నల్లబొట్టు ఉన్నంత మాత్రాన మోసమని నేను అనడం లేదు. తొంభైల చివర్లో వచ్చిన సెట్లలోనూ అది ఉండేది. నాకు చూపించింది ఒకటి, పంపింది ఇంకొకటి. నా గొడవంతా దాని గురించే.

డబ్బులు పంపక ముందు అడిగాను, మూత విప్పి బోర్డు చూపించండి అని. చూపించాడు. వీడియోలో బోర్డు నిండా చిప్పులు, ఒక పెద్ద చిప్పు మీద నీలం మార్కర్‌తో గీసిన అడ్డగీత. నంబర్లు చదివి వినిపించాడు కూడా. “ఇదే పీస్ మీకొస్తుందన్నా, వేరేది పంపితే నా మొహం మీద కొట్టు” అన్నాడు. మాటల్లో అంత నమ్మకం. వాళ్ళ నాన్న దగ్గర కూడా ఇలాంటి సెట్టు ఉండేదట, అది పాడైపోయాక వీటి మీద ప్రేమ పుట్టిందట. ఆ కబురంతా విని డబ్బులు కొట్టాను.

పార్సిల్ వచ్చింది. డొప్ప నిజంగా పాతదే. ఎండ తగిలిన వైపు ప్లాస్టిక్ పసుపు తిరిగి, స్విచ్ కింద అంతా అరిగిపోయి ఉంది. దాచి ఉంచిన పాత బాక్సు టీవీకి కలిపాం. మారియో వచ్చింది. తమ్ముడు రిమోట్ పట్టుకుని కాళ్ళు మడుచుకుని కింద కూర్చున్నాడు, మళ్ళీ పదేళ్ళవాడిలా. రంగులు పాలిపోయినట్టు, ఎగిరినప్పుడు వచ్చే చప్పుడు కాస్త గరగరమంటున్నట్టు అనిపించినా, పాత టీవీ కదా అని ఊరుకున్నాం. తర్వాత కాంట్రా క్యాసెట్ పెడితే తెర బూడిదరంగులో ఆగిపోయింది. చిన్నప్పటి అలవాటే, వాడు క్యాసెట్ పీకి కింద వరసలో ఉఫ్‌ఫుమని ఊదాడు. ఊదుతూ ఊదుతూ, క్యాసెట్ ఇంకా చేతిలోనే ఉండగా, స్విచ్ వేసేశాడు.

క్యాసెట్ లేకుండానే తెర మీద మెనూ వచ్చింది. నీలం తెర, గేముల పేర్ల వరస, వెనక పాట.

మామూలుగా పాత సెట్టులో క్యాసెట్ లేకపోతే ఏమీ రాదు. గేమ్ ఉండేదే క్యాసెట్‌లో. క్యాసెట్ లేకుండా గేములొచ్చాయంటే అవి లోపలి బోర్డులోనే ఉన్నాయని అర్థం, అంటే అది ఈమధ్య చేసిన బోర్డే అయి ఉంటుందని అనుమానం వచ్చింది. తమ్ముడు క్యాసెట్ వంక, టీవీ వంక మార్చి మార్చి చూశాడు. “అన్నయ్యా, ఇది మనది కాదురా” అన్నాడు. వాడి మొహం చూడలేకపోయాను.

స్క్రూలు విప్పాను. ఎవరూ విప్పలేదన్న సెట్టు స్క్రూల తలలన్నీ అప్పటికే చెక్కుకుపోయి ఉన్నాయి. పెద్ద బోర్డు ఉండాల్సిన చోట మూడొంతులు ఖాళీ. ఒక మూల అగ్గిపెట్టె అంత ఆకుపచ్చ బోర్డు, దాని నడిమధ్య నల్లబొట్టు. పాత బోర్డులోంచి క్యాసెట్ స్లాట్ ఒక్కటే కోసి తీసుకుని, దాని 60 పిన్నుల్లో కొన్నిటికి సన్నటి వైర్లు అతికించి, కదలకుండా గ్లూ గన్ జిగురు పోశాడు. ఆ జిగురు మీద దుమ్ము కూడా చేరలేదు, గాజులా మెరుస్తోంది. పిన్నుల్లో రెండు మూడు వైర్లు ఊడిపోయి ఉన్నాయి, కాంట్రా అందుకే రాలేదు. అన్నిటికంటే మనసు కలుక్కుమన్నది వేరే. ఆ స్లాట్ కోసిన అంచు. బతికి ఉన్న పాత బోర్డునో, చచ్చినదాన్నో తెలియదు, రంపంతో కోసి పారేశాడు. బోర్డు బాగుంటే దాన్ని విడిగా ఇంకెవరికో అమ్మి ఉంటాడు. ఒక్క సెట్టును రెండు ముక్కలు చేసి ఇద్దరికి అంటగట్టడం, ఇదే ఆయన వ్యాపారమని నాకు ఇప్పుడు గట్టి అనుమానం.

ఫోన్ చేశాను. గొంతు పెంచలేదు. వీడియోలో చూపించిన బోర్డు ఇది కాదు, చూడండి, ఫొటో పంపుతున్నాను అన్నాను. అప్పటిదాకా అన్నా అన్నా అన్నవాడు ఒక్కసారి సార్‌లోకి దిగాడు.

“గేమ్ ఆడుతోందా లేదా సార్?”

“ఆడుతోంది, కానీ అది మీరు చూపించింది కాదు కదా.”

“ఆడుతోంది కదా. మరి లోపల ఏముంటే మీకెందుకు? మూత ఎందుకు విప్పారు? విప్పారు కాబట్టి వాపసు లేదు.”

ఇదే పీస్ వస్తుందని మీరే అన్నారు కదా అని గుర్తు చేశాను. కాసేపు మాట్లాడలేదు. వెనక ఎవరితోనో నవ్వుతున్నట్టు వినిపించింది. తర్వాత అన్నాడు: “మీ చిన్నతనం పోతే నేనేం చేస్తాను సార్? నలభై ఏళ్ళు దాటాయి, బొమ్మలతో ఆడుకోవడం మానేయండి.”

ఫోన్ పెట్టేశాడు. నంబర్ బ్లాక్ చేశాడు.

ఏడున్నర వేలు పోయినందుకు బాధ ఉంది, లేదనను. కానీ రెండు రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వనిది ఆ మాట. “మీ బాల్యం మీ ఇంటికి” అని రాసుకుని బతికేది ఆయన. మన నాన్నలు జీతంలోంచి మిగిల్చి కొనిపెట్టిన వస్తువులవి. వేసవి సెలవుల్లో వీధి పిల్లలంతా ఒక ఇంట్లో చేరి వంతులేసుకుని ఆడిన ఆటలవి. ఆ ఇష్టాన్నే ఎర వేసి డబ్బులు గుంజి, డబ్బులు అందాక అదే ఇష్టాన్ని చూసి నవ్వాడు. అది నేను మరిచిపోను.

ఒక్క విషయంలో ఆయన తప్పు లేదు, అదీ చెప్పాలి. గన్ ఇప్పటి ఎల్‌ఈడీ టీవీల్లో పనిచేయదు. బాతుల్ని కాల్చే గేమ్‌లో ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చతురస్రం వెలుగుతుంది, ఆ వెలుగును గన్‌లోని సెన్సర్ పట్టుకోవాలి. కొత్త టీవీలో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి లెక్క తప్పుతుంది. అందుకని గన్ పనిచేయలేదని ఎవరినీ తిట్టకండి, బాక్సు టీవీ మీద చూడండి. నాకు పంపిన గన్ బాక్సు టీవీ మీద కూడా పనిచేయలేదు, అది వేరే సంగతి.

ఇంత తొందరపడి రాయడానికి ఇంకో కారణం ఉంది. మాకు లెక్కలు చెప్పిన మాస్టారు నిన్న ఫోన్ చేసి, అదే అమ్మకందారు దగ్గర స్పెక్ట్రమ్ ప్లస్ అనే పాత కంప్యూటర్ ఉందట, కొందామనుకుంటున్నాను అన్నారు. 1984లో కేంద్రం బడుల్లో కంప్యూటర్ చదువు కోసం క్లాస్ ప్రాజెక్టు మొదలుపెట్టి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చినప్పుడు, వాటి మీద పిల్లలకు బేసిక్ ప్రోగ్రామింగ్ నేర్పిన మనిషి ఆయన. ఇంట్లో సొంతంగా ఒకటి కొనుక్కోవాలని అప్పట్లో ఎంతో ఆశపడ్డారట, కుదరలేదు. స్పెక్ట్రమ్ 1982లో ఇంగ్లండ్‌లో వచ్చింది. ప్లస్ మోడల్‌ను ఎనభైల రెండో సగంలో డెసిబెల్స్ అనే కంపెనీ లైసెన్సు తీసుకుని మన దేశంలో డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో అమ్మింది. మాస్టారు వెతుకుతున్నది సరిగ్గా అదే.

“పవర్ లైట్ బ్రహ్మాండంగా వెలుగుతోంది, టీవీ లేక మిగతాది చెక్ చేయలేదు” అని ఆ అమ్మకందారు మాస్టారితో అన్నాడట. స్పెక్ట్రమ్ ప్లస్‌కు పవర్ లైటే లేదు! పక్కన రీసెట్ బటన్ ఉంటుంది తప్ప లైట్ ఉండదు. ఆ ఒక్క ముక్క చెబితే మాస్టారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “మంచి పని చేశావు నాన్నా” అన్నారు. ఆయన పింఛను డబ్బులవి.

స్పెక్ట్రమ్ కొనేవాళ్ళు ఆన్ చేసినప్పుడు తెర కింద సింక్లెయిర్ రీసెర్చ్, 1982 అనే వరస వచ్చేదాకా వీడియో కాల్‌లో చూపించమనండి. కీబోర్డు కింది ప్లాస్టిక్ పొర ఎండి విరిగిపోయి ఉంటుంది, అది కొత్తది దొరుకుతుంది, భయం లేదు. దీనికి గేములు పాటల టేపు లాంటి క్యాసెట్‌లోంచి ఎక్కుతాయి, అది లోడ్ చేసి చూపిస్తే ఇంకా మంచిది, ముందు ఎరుపు, లేత నీలం చారలు, తర్వాత నీలం, పసుపు చారలు తెర అంచుల్లో పరిగెత్తాలి. అడాప్టర్ మాత్రం ఇంట్లో ఉన్నది ఏదో ఒకటి గుచ్చకండి. దానికి 9 వోల్టులు, మధ్య పిన్ను మైనస్ కావాలి. ఇప్పటి అడాప్టర్లు ఎక్కువ శాతం మధ్య ప్లస్‌వి, తేడా వస్తే బోర్డు కాలిపోతుంది.

టీవీ గేమ్ సెట్టయితే ముందు క్యాసెట్ లేకుండా ఆన్ చేయమనండి. మెనూ వస్తే వదిలేయండి. 5 వోల్టుల అడాప్టరో, ఫోన్ చార్జర్ వైరో ఇస్తానంటే వదిలేయండి. పాతవి 9 వోల్టుల మీద నడుస్తాయి, లోపల వోల్టేజీ తగ్గించే రెగ్యులేటర్ అల్యూమినియం రేకుకు బిగించి ఉంటుంది. రికార్డు చేసిన వీడియో నమ్మకండి. లైవ్‌లో మూత విప్పించి, మీ పేరు కాగితం మీద రాయించి బోర్డు పక్కన పెట్టించండి. పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఆపడం కష్టం. నేను అక్కడ ఫిర్యాదు ఇచ్చాను, 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కూడా ఇస్తున్నాను.

ఆయన ఇంకా అదే వీడియో తిప్పుతున్నాడు. కాకినాడలో తెలిసినాయనకు ఈ ఉదయమే పంపాడు. చిప్పు మీద నీలం మార్కర్ గీత, ఎడమ చేతి ఉంగరం వేలికి కట్టు, వెనక గోడకు ఆకుపచ్చ క్యాలెండర్. అది మీకు వస్తే డబ్బులు పంపకండి, వీడియో చెరిపేయకుండా దాచి నాకు పంపండి. ఫిర్యాదుకు జత చేస్తాను.