జాగ్రత్త! మీమ్ పేజీల ప్రమోషన్ ప్యాకేజీ కొంటున్న చిన్న వ్యాపారులకు

ఇన్‌స్టాగ్రామ్ మీమ్ పేజీలకు డబ్బు కట్టి మీ సరుకుకి పబ్లిసిటీ చేయించుకుందామని అనుకుంటున్నవాళ్ళు అడ్వాన్స్ పంపే ముందు ఇది పూర్తిగా చదవండి. మా డబ్బు పోయింది, సరే. అంతకన్నా పెద్ద తలనొప్పి ఆ తర్వాత మొదలైంది, దాని గురించి ముందే చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర చిన్న చెక్కగానుగ. నేనూ మా ఆవిడా కలిసి నడుపుకుంటాం. నువ్వులు, వేరుశనగ, కొబ్బరి నూనెలు ఆడించి సీసాల్లో, డబ్బాల్లో పోసి అమ్ముతాం. కొంత ఊళ్ళోనే పోతుంది, మిగతాది వాట్సాప్ ఆర్డర్ల మీద గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ దాకా పార్సిల్ వెళ్తుంది. ఒక డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ వాళ్ళు మా నంబరు ఎక్కడో పట్టుకుని ఫోన్ చేశారు. పేరు రాయను, ఎందుకంటే ఇదే పద్ధతిలో పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఒక్క పేరు రాస్తే మిగతావాళ్ళు మంచివాళ్ళని అనుకునే ప్రమాదం ఉంది. 10 తెలుగు మీమ్ పేజీల్లో పోస్టులు, రెండు రీల్స్, స్టోరీలు, 10 లక్షల రీచ్ (అంటే అంతమందికి చేరడం) గ్యారంటీ, మొత్తం 35,000 రూపాయలు, అంతా ముందే కట్టాలి. "సార్, జనం యాడ్ చూస్తే స్కిప్ కొడతారు, మీమ్ చూస్తే షేర్ కొడతారు" అన్నాడు ఆ కుర్రాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు, అందుకే ఇంతమంది డబ్బు కడుతున్నారు.

డిజైన్ ముందు చూపించండి, మేం సరే అన్నాకే వేయండి అని వాట్సాప్‌లో రాసి మరీ అడిగాం. ఓకే సార్ అని జవాబు కూడా పెట్టారు. తీరా పోస్టులు పడ్డాక మా చుట్టాలబ్బాయి లింకు పంపితే చూశాం. ఒక పెద్ద కమెడియన్ సినిమా స్టిల్లు తీసుకుని, ఆయన చేతిలో మా సీసా అతికించి, పైన "గానుగ నూనె వాడితే షుగర్ రాదు, గుండెపోటు దగ్గరికి కూడా రాదు" అని రాసి పెట్టారు. మేం ఎప్పుడూ ఏ కస్టమర్‌కీ అలాంటి మాట చెప్పలేదు. సీసా మీద మా పేరు, ఫోన్ నంబరు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు అన్నీ చక్కగా కనబడుతున్నాయి. కింద కామెంట్లలో ఆ కమెడియన్ డైలాగులు కొందరు రాస్తే, నూనె తాగితే షుగర్ పోతుందా అని బూతులు ఇంకొందరు. మా దగ్గర ఎప్పట్నుంచో నూనె కొనే ఒక డాక్టరు గారు ఫోన్ చేసి, మీ దగ్గర నుంచి ఇలాంటిది అనుకోలేదండీ అన్నారు. మా ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు.

వెంటనే తీసేయమని అడిగితే ఏజెన్సీ జవాబు ఇది: "ఎంగేజ్‌మెంట్ బాగా వస్తోంది కదా సార్, నెగెటివ్ కూడా పబ్లిసిటీనే." గట్టిగా అడిగాక కొన్ని పేజీల్లో తీశారు. ఒక పేజీ అడ్మిన్ మాత్రం డిలీట్ చేయాలంటే విడిగా డబ్బు పంపమన్నాడు. మన పేరు మీద అబద్ధం రాసినవాడే దాన్ని తుడవడానికి రేటు చెబుతున్నాడన్నమాట. ఏజెన్సీని అడిగితే ఆ పేజీ మా చేతిలో లేదు, మేం మధ్యవర్తులం మాత్రమే అన్నారు. డబ్బు తీసుకున్నప్పుడు మాత్రం 10 పేజీలూ వాళ్ళవే.

ఇక్కడే అందరూ జాగ్రత్తగా చదవాల్సిన విషయం ఉంది. మీమ్ తయారుచేసింది ఎవరైనా, సరుకు మనది కాబట్టి అందులో మాటకి ముందు మనల్నే అడుగుతారు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో 53వ సెక్షన్ ప్రకారం తినే వస్తువు గురించి తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఎలాంటి ఆరోగ్య ప్రయోజనాలు చెప్పుకోవచ్చో, ఎలాంటివి చెప్పకూడదో 2018లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ విడిగా నిబంధనలే తెచ్చింది. ఇవి కాక వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఉంది. దాని కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తయారీదారుకీ, ప్రచారం చేసిన వ్యక్తికీ 10 లక్షల దాకా, మళ్ళీ మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. నవ్వు కోసం రాశాం అన్న జవాబు అక్కడ నిలబడుతుందని ఏ లాయరూ మీకు హామీ ఇవ్వడు. నూనె, తేనె, మిల్లెట్స్, హెర్బల్ సబ్బులు, జుట్టు నూనెలు అమ్మేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి, మీమ్ రాసే పిల్లలకి ఈ సరుకుల గురించి తెలిసిన జోకు "ఇది వాడితే ఆ రోగం పోతుంది" అన్నదొక్కటే.

రెండోది, స్టిల్లు. సరదాకి ఒక కుర్రాడు తన ఫ్రెండ్స్‌కి సినిమా మీమ్ పంపుకోవడం వేరు, ఒక వ్యాపారం దాన్ని సరుకు అమ్మడానికి వాడుకోవడం వేరు. సినిమా స్టిల్లు మీద హక్కు నిర్మాతది, ముఖం మీద హక్కు ఆ నటుడిది. 2023 సెప్టెంబరులో అనిల్ కపూర్ పేరు, ముఖం, గొంతు, ఆయన పేటెంట్ మాట లాంటి "ఝకాస్" కూడా అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. మనవాళ్ళ సంగతికొస్తే 2025 సెప్టెంబరులో చిరంజీవి గారు హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో, నాగార్జున గారు ఢిల్లీ హైకోర్టులో ఇలాంటి రక్షణే తెచ్చుకున్నారు. ఇది పెద్దవాళ్ళ గొడవ, గానుగవాడి దాకా ఎందుకొస్తుంది అనుకోకండి. నోటీసు పంపేవాడికి కావాల్సింది ఒక అడ్రసు. మీమ్ పేజీకి అడ్రసు ఉండదు, మన సీసా మీద ఉంటుంది.

అమెరికాలో అయితే పిల్లి మీమ్ మీద కూడా కేసు నడిచింది. గ్రంపీ క్యాట్ అని మొహం ముడుచుకుని ఉండే పిల్లి అందరికీ తెలిసే ఉంటుంది. ఆ బొమ్మని ఒక కాఫీ డ్రింకుల కంపెనీ ఒప్పందంలో లేని సరుకు మీద కూడా వాడిందని 2018 జనవరిలో జ్యూరీ 7,10,001 డాలర్లు కట్టమంది. గుప్పిట బిగించి నిలబడ్డ చంటిపిల్లాడి మీమ్, అదే సక్సెస్ కిడ్, దాన్ని ఒక రాజకీయ నాయకుడి ప్రచార కమిటీ విరాళాల కోసం వాడుకుంటే పిల్లాడి తల్లి కోర్టుకి వెళ్ళి గెలిచింది. అక్కడ వచ్చింది 750 డాలర్లే, కానీ కేసు 2024లో అప్పీలు దాకా సాగింది. ఇంటర్నెట్‌లో అందరూ వాడుతున్నారు కదా అన్న వాదన ఈ రెండో కేసులో పనిచేయలేదు.

"ట్రెండు గంటల్లో చల్లారిపోతుంది, మీ అప్రూవల్ కోసం ఆగలేం" అని మీకూ చెబుతారు, మాకూ చెప్పారు. 2014లో డిజోర్నో అనే పిజ్జా కంపెనీ ఇలాగే ఒక ట్రెండింగ్ హ్యాష్‌ట్యాగ్ చూసి పరుగెత్తి జోకు వేసింది. తీరా ఆ హ్యాష్‌ట్యాగ్ కింద ఆడవాళ్ళు తమని కొట్టే భర్తల దగ్గర ఎందుకు ఉండిపోవాల్సి వచ్చిందో రాసుకుంటున్నారు. పోస్టు తీసేసి ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పుకున్నారు. 2023 జూన్‌లో పర్యావరణ దినోత్సవానికి జొమాటో ఒక పాత హిందీ సినిమాలోని దళిత పాత్రని చెత్తతో తయారైన వస్తువులుగా చూపిస్తూ వీడియో చేసి, తిట్లు తిని వెనక్కి తీసుకుంది. అంత పెద్ద టీములు, లాయర్లు ఉన్న కంపెనీలకే ఇలా జరిగింది. మన పేరు మీద పోస్టు వేసేది ఎక్కడో హాస్టల్ గదిలో కూర్చున్న అడ్మిన్, వాడికి మన ఊరు తెలియదు, మన కస్టమరు తెలియదు.

ఇంక రీచ్ లెక్కలు. మాకు చివర్లో ఒక ఎక్సెల్ షీటు పంపారు, పక్కన స్క్రీన్‌షాట్లు. స్క్రీన్‌షాట్‌లో అంకెలు మార్చడం ఫోన్ పట్టుకోవడం వచ్చిన ఎవరికైనా వచ్చు. పైగా వ్యూస్ వేరు, మనుషులు వేరు, ఒకే మనిషి మూడుసార్లు చూస్తే మూడు వ్యూస్. మీరు అడగాల్సింది ఎంతమంది అకౌంట్లకి చేరింది, వాళ్ళు ఏ ఊళ్ళవాళ్ళు, ఏ వయసువాళ్ళు అని. పేజీ అడ్మిన్‌కి కనబడే ఇన్‌సైట్స్ లెక్కల్లో ఇవన్నీ ఉంటాయి, స్క్రీన్ రికార్డింగ్ పంపమనండి, లేదా వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి చూపించమనండి. మాకు కామెంట్లు పెట్టినవాళ్ళ ప్రొఫైళ్ళు తెరిచి చూస్తే అవే పేర్లు అన్ని పేజీల్లోనూ నవ్వు బొమ్మలు పెడుతున్నాయి. మిగిలిన నిజమైన మనుషులు చాలావరకు కాలేజీ కుర్రాళ్ళు. వాళ్ళని తప్పుపట్టను, కానీ ఇంట్లో నూనె ఏది కొనాలో నిర్ణయించేది వాళ్ళ అమ్మలు, ఆ అమ్మలు ఆ పేజీల్లో లేరు. ఆ పోస్టుల వల్ల వచ్చిన కొత్త ఆర్డరు ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు, పాత కస్టమర్లకి సంజాయిషీ చెప్పుకోవడమే మిగిలింది.

పేజీని ముందే తూకం వేయడానికి ఒక సులువైన దారి ఉంది. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ పైన మూడు చుక్కలు నొక్కితే "అబౌట్ దిస్ అకౌంట్" అని వస్తుంది. ఆ అకౌంట్ ఎప్పుడు మొదలైంది, ఏ దేశం నుంచి నడుస్తోంది, పేరు ఎన్నిసార్లు మార్చారు అన్నవి చాలా పేజీలకి అక్కడే కనబడతాయి. పేరు పదే పదే మారిందంటే ఆ ఫాలోవర్లు వేరే దేనికోసమో వచ్చినవాళ్ళు అని అర్థం. ఫేస్‌బుక్ పేజీకైతే పేజ్ ట్రాన్స్‌పరెన్సీలో పాత పేర్లు కూడా ఉంటాయి.

డబ్బు తీసుకుని వేసిన పోస్టుకి అది ప్రకటన అని లేబుల్ వేయాలి, ఇది 2021 జూన్ 14 నుంచి అమల్లో ఉన్న ఏఎస్‌సీఐ (ప్రకటనల రంగం తనకు తానే పెట్టుకున్న నియంత్రణ సంస్థ) మార్గదర్శకం. హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో చివర దాస్తే కుదరదు, ఎవరికైనా కనబడేలా ఉండాలి. లేబుల్ వేస్తే రీచ్ పడిపోతుంది సార్ అని మా ఏజెన్సీ కుర్రాడు తప్పించుకున్నాడు. మీరు మాత్రం "పెయిడ్ పార్ట్‌నర్‌షిప్" ట్యాగ్ పెట్టాల్సిందే అని పట్టుబట్టండి, చట్టం సంగతి అటుంచితే దాంట్లో మనకే లాభం ఉంది, బ్రాండ్ అకౌంట్‌ని ట్యాగ్ చేసినప్పుడు ఆ పోస్టు అంకెలు మనకీ నేరుగా కనబడతాయి. ఒప్పుకోని పేజీని అక్కడే వదిలేయండి. పేజీకొక కూపన్ కోడ్ ఇప్పించండి, ఏ పేజీ నుంచి ఎన్ని ఆర్డర్లు వచ్చాయో దాచడం వాళ్ళ తరం కాదు. డబ్బు సగమే ముందు ఇవ్వండి, వ్యక్తిగత యూపీఐకి పంపమంటే పంపకండి, ప్రకటన సేవకి 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది, జీఎస్‌టీ నంబరు ఉన్న బిల్లు అడగండి. బిల్లు అనగానే రేటు తగ్గిస్తాం అన్నారంటే జాగ్రత్త. ప్రతి డిజైన్ మన రాతపూర్వక ఒప్పుదలతోనే పడాలి, అడిగిన వెంటనే ఉచితంగా తీసేయాలి, ఈ రెండు మాటలూ కాగితం మీద ఉండాలి.

మీమ్ పద్ధతే చెడ్డదని నేను అనడం లేదు. సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసుల పోస్టులు చూసి హెల్మెట్ గురించి మాట్లాడుకున్నవాళ్ళం మనమే. అమూల్ వాళ్ళు 1960ల నుంచి వార్తల మీద జోకులు వేస్తూనే ఉన్నారు, వాళ్ళ బలమల్లా ఆ చుక్కల గౌను పాప వాళ్ళ సొంతం కావడమే, మాట కూడా వాళ్ళదే. మేం ఇప్పుడు మా గానుగ దగ్గరే ఫోన్‌తో తీసిన చిన్న వీడియోలు పెడుతున్నాం. తెలగపిండి కోసం పొద్దున్నే వచ్చి బేరమాడే పాలవాళ్ళు, గానుగ ఆగితే మా ఆవిడ వేసే కేకలు, ఇవన్నీ అందులో ఉంటాయి. చూసేవాళ్ళు వందల్లోనే, కానీ ఫోన్ చేసి రేటు అడుగుతున్నారు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళు ముందు స్క్రీన్‌షాట్లు, స్క్రీన్ రికార్డింగులు, చాట్‌లు, పేమెంట్ రసీదులు భద్రం చేసుకోండి, పోస్టు తీసేశాక ఆధారం దొరకదు. తర్వాత మీ సొంత అకౌంట్‌లో ఆ మాటలు మావి కావు, మా సరుకుకి అలాంటి గుణం ఉందని మేం చెప్పడం లేదు అని స్పష్టంగా రాసి పెట్టండి, మేం అదే చేశాం. డిలీట్ చేయడానికి డబ్బు అడిగితే ఇవ్వకండి, ఇచ్చారంటే రేపు మళ్ళీ వేస్తాడు, ఆ మెసేజ్‌నే సాక్ష్యంగా దాచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి గానీ పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు చేయండి. సేవ సరిగా ఇవ్వలేదన్న ఫిర్యాదుకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుంది. వ్యాపారం కోసం కొన్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివి కావు అని ఎవరైనా అంటే వెనక్కి తగ్గకండి, సొంతంగా పనిచేసుకుంటూ పొట్టపోసుకోవడం కోసమే కొన్నవాళ్ళకి 2019 చట్టంలోనే మినహాయింపు ఉంది. 5 లక్షల లోపు విలువైతే జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా లేదు. మేం ఫిర్యాదు పెట్టాం. ఇలాంటి ప్యాకేజీ కొని నష్టపోయినవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే మీ చాట్‌లు తీసేయకండి, మీరూ ఫిర్యాదు పెట్టండి.