పెళ్లి ఫొటోలా, పత్రిక కొలువా: ఏది మేలు?

ఫొటోగ్రఫీనే వృత్తిగా పెట్టుకోవాలనుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. పెళ్లిళ్ల టీములో చేరాలా, పత్రికలో చేరాలా? రెండు చోట్లా పనిచేశాను కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను.

డబ్బు సంగతి అందరికీ తెలిసిందే. పెళ్లిళ్లలో రాబడి ఎక్కువ, కానీ అది ముహూర్తాలను బట్టి వస్తుంది, ఆల్బమ్ ఇచ్చేదాకా బాకీ మిగిలే ఉంటుంది. పత్రికలో జీతం తక్కువైనా నెల నెలా అందుతుంది.

పనితనం ఏ దారిలో బాగా అబ్బుతుందంటే, పత్రికలోనే. పొద్దున ధర్నా, మధ్యాహ్నం ప్రెస్‌మీట్, సాయంత్రం మ్యాచ్. ప్రతిచోటా విషయమంతా ఒక్క ఫొటోలో పట్టాలి, మనుషుల పేర్లు తప్పు లేకుండా క్యాప్షన్ రాయాలి, డెస్కు గడువులోగా పంపాలి. పైగా మామూలు మనిషిని రానివ్వని చోటికి పత్రిక కార్డు దారి చూపిస్తుంది. సివిల్ ఇంజినీరింగ్ చదివిన ఫొటోగ్రాఫర్ రఘు రాయ్ 1966లో స్టేట్స్‌మన్ పత్రికలో చేరారు. 1984లో భోపాల్ విషవాయువు దుర్ఘటన జరిగినప్పుడు ఆయన ఇండియా టుడే ఫొటోగ్రాఫర్‌గా అక్కడున్నారు. ఆయన ఫొటోలో మట్టిలో సగం పూడిన పసిబిడ్డ ముఖం ఈనాటికీ మన కళ్లముందు ఉందంటే, ఒక ఫొటోగ్రాఫర్‌ను ఆ చోటుకు పంపిన వార్తా సంస్థ పాత్ర కూడా అందులో ఉంది.

పెళ్లి నేర్పేది వేరు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పెళ్లికూతురి కళ్లు ఎటు తిరుగుతాయో, తలంబ్రాల్లో ఎవరి చెయ్యి ముందు లేస్తుందో ముందే పసిగట్టాలి. తాళి కట్టడం అయిపోయాక మళ్లీ కట్టమని అడగలేం. హోమం పొగలో, రంగురంగుల ఎల్ఈడీ దీపాల మధ్య ఒంటి రంగు చెడకుండా తీయగలిగినవారు ఎక్కడైనా తీయగలరు.

అయితే నా లెక్కలో తేల్చేది ఇవేవీ కావు. ఇరవై ఏళ్ల తర్వాత మీ ఫొటోల్లో ఎన్ని మీవిగా ఉంటాయన్నదే అసలు విషయం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు తొలి హక్కుదారు తీయించుకున్నవారే. పత్రిక ఉద్యోగిగా తీసిన ఫొటోలో ప్రచురణ హక్కు యాజమాన్యానిది, మిగతావి తీసినవారివి. కాగితం మీద పత్రికే మేలనిపిస్తుంది. కానీ అన్ని హక్కులూ సంస్థకే చెందుతాయని నియామక పత్రంలో ఒక్క వాక్యం ఉంటే ఆ మేలు పోతుంది. 2012 సవరణ తర్వాత ఫొటో మీద హక్కు తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. అంత విలువైనదాన్ని చదవకుండా సంతకం పెట్టి వదులుకోవద్దు.

నేను పెళ్లిళ్ల వైపే మొగ్గడానికి కారణం పంచాంగం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢాలు: అప్పుడు ముహూర్తాలుండవు. సరిగ్గా ఆషాఢంలోనే గోల్కొండ నుంచి లాల్‌దర్వాజా దాకా బోనాలు. భాద్రపదంలో ఖైరతాబాద్ గణపతి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. పత్రిక ఫొటోగ్రాఫర్ అక్కడ డ్యూటీలో ఉంటారు, ఎడిషన్‌కు కావలసిన ఫొటో అందగానే ఇంకో చోటికి పరుగెత్తాలి. పెళ్లి ఫొటోగ్రాఫర్ మాత్రం ఒకే వీధిలో రోజంతా నిలబడగలరు, మరుసటి ఏడాది అదే ఇంటికి మళ్లీ వెళ్లగలరు. ఎవరూ డబ్బివ్వని ఆ ఫొటోలు పూర్తిగా వారివే. మేడారం మాత్రం మాఘంలో, పెళ్లిళ్ల రద్దీలో వస్తుంది. ఆ జాతర కోసం ముహూర్తాలు వదులుకోవాల్సిందే, అది నిజంగా బాధే.

మనుషులు తీయించుకునే ఫొటోలతో బతికి, అంతకు మించినది మిగిల్చినవారు మన దగ్గరే ఉన్నారు. ఇందోర్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. దర్బారులు, వేటలతో పాటు కోటలు, గుళ్లు, కట్టడాలు కూడా ఆయన తీశారు. అవన్నీ పోగు చేసి భద్రపరిస్తేనే మనదాకా వచ్చాయి.

సినిమా స్టిల్స్‌కు పరిచయాలుంటేనే వెళ్లండి. ప్రొడక్ట్ ఫొటోలు నగరంలో ఉన్నవారికి పక్క ఆదాయం. పాస్‌పోర్ట్ ఫొటోల స్టూడియో ఒక్కదాన్నే నమ్ముకోమని మాత్రం చెప్పను.

ఒక్క క్షణం కూడా వార్తకు దూరంగా ఉండలేనివారు పత్రికలోనే చేరండి, హక్కుల పేరా చదివాకే సంతకం పెట్టండి. పెళ్లిళ్లకు వెళ్లేవారు అడ్వాన్స్ తీసుకునేటప్పుడే ఫొటోల మీద హక్కు ఎవరిదో, మీ పోర్ట్‌ఫోలియోలో వేటిని వాడుకోవచ్చో ఇంటివాళ్లతో మాట్లాడి కాగితం మీద రాయించుకోండి. కెమెరా ఇచ్చిన అసలు (రా) ఫైళ్లు రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి.