స్నాప్‌సీడ్: ఏ ఫొటోకి పని పెట్టాలి, దేన్ని వదిలేయాలి

ఫోన్‌లో ఫొటోలు దిద్దే యాప్ స్నాప్‌సీడ్‌ని చాలా ఏళ్ళుగా వాడుతున్నాను. ఫోన్లు మారాయి కానీ ఈ యాప్ మాత్రం మారలేదు. ఉచితం, ప్రకటనలు లేవు, లాగిన్ అడగదు. ఏ టూల్ ఏం చేస్తుందో చెప్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి నేను వాటి జోలికి పోను. ఇన్నాళ్ళు వాడినా ఇప్పటికీ తేల్చుకోవలసి వచ్చేది ఒకటే: ఇవాళ తీసిన ఫొటోకి ఈ యాప్ తెరవాలా, వద్దా? ఆ తేల్చుకోవడంలో ఇది ఎంత సాయం చేస్తుంది, ఎక్కడ చెడగొడుతుంది అన్నది రాస్తాను.

ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు రెండు మాటల్లో. 2011లో నిక్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ ఐప్యాడ్ కోసం తయారుచేసింది. 2012లో గూగుల్ ఆ కంపెనీని కొని, ఆ ఏడాది చివర్లో ఆండ్రాయిడ్‌కి ఉచితంగా ఇచ్చింది. 2015లో రెండో వెర్షన్ వచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్ళకి పెద్ద మార్పులు ఆగిపోయాయి. 2025లో ఐఫోన్‌కి మూడో వెర్షన్ వచ్చింది. నేను రాసేదంతా ఆండ్రాయిడ్‌లో పాత రూపంతో వాడిన అనుభవం.

నా పద్ధతి ఇది. ఫొటోలో లోపం ఏమిటో ఒక్క ముక్కలో చెప్పగలిగితేనే యాప్ తెరుస్తాను. వంకరగా ఉంది, మొహం చీకటిగా ఉంది, అందరూ గులాబీ రంగులో ఉన్నారు... ఇలా. "ఏదో లోటుగా ఉంది" అనిపిస్తే తెరవను. ఎందుకంటే ఆ ఏదో కోసం వెతుకుతూ వెలుగు, కాంట్రాస్ట్ సర్దే ట్యూన్ ఇమేజ్ నుంచి ఫొటోని నాటకీయంగా మార్చే డ్రామా ఫిల్టర్ దాకా అన్నీ తిప్పుతాం, పావుగంట తర్వాత ఆకాశం ఉక్కు రంగుకి తిరుగుతుంది, లోటు మాత్రం అలాగే ఉంటుంది. అలాంటి ఫొటోల్లో నూటికి తొంభై తీసేటప్పుడే తప్పు చోట నిలబడి తీసినవి. దానికి ఏ స్లైడరూ లేదు.

పేరున్న లోపాల్లో మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది షామియానా రంగు. ఎర్ర గుడ్డ కింద మధ్యాహ్నం భోజనాలప్పుడు తీస్తే బంతిలో కూర్చున్న వాళ్ళందరూ గులాబీ రంగుకి తిరుగుతారు. అక్కడ మన కన్ను సర్దుకుంటుంది, కెమెరా పూర్తిగా సర్దుకోదు. తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల్ని సర్దే వైట్ బ్యాలెన్స్‌లో, 'ఇది తెలుపు' అని చూపించే డ్రాపర్ తీసుకుని వడ్డించేవాళ్ళ తెల్లపంచె మీద పెడితే చాలు, విస్తరాకులోని పప్పు పప్పు రంగుకి వస్తుంది. ఈ పని ఇంత సులువుగా చేసే యాప్ ఫోన్‌లో ఇంకోటి నాకు తగల్లేదు. ఒక్క జాగ్రత్త: ఫోన్‌లో కళ్ళకి హాయినిచ్చే పసుపు తెర మోడ్ వేసి ఉంటే ముందు ఆపేయాలి. లేకపోతే తెర పసుపుని ఫొటో పసుపు అనుకుని దాన్ని నీలం వైపు లాగేస్తాం.

ఇదే వైట్ బ్యాలెన్స్ గోదావరి దగ్గర తలకిందులవుతుంది. రాజమండ్రి పుష్కర ఘాట్ నుంచి చూస్తే సూర్యుడు నదికి అవతల, కొవ్వూరు వైపు దిగుతాడు. నీళ్ళ మీద ఆ బంగారు రంగుని కెమెరా తనంతట తాను చేసే ఆటో వైట్ బ్యాలెన్స్ 'తప్పు రంగు' అనుకుని కొంత తీసేస్తుంది. ఇక్కడ రంగుని పసుపు వైపు జరిపే వార్మ్‌త్ స్లైడర్ కాస్త పెంచడం అబద్ధం చెప్పడం కాదు, కెమెరా కొట్టేసినదాన్ని తిరిగి ఇవ్వడం. ఎంత పెంచాలన్నదే చిక్కు. నేనైతే రంగు దిద్దే పని ఆ రాత్రికే ముగిస్తాను, ఎందుకంటే వారం పోయాక గుర్తున్న సాయంత్రం అసలు సాయంత్రం కంటే ఎర్రగా ఉంటుంది. కాంట్రాస్ట్, క్రాప్ లాంటి అభిరుచి వ్యవహారాలు మాత్రం మర్నాడు పొద్దున చూస్తాను. రాత్రి అద్భుతం అనిపించిన కాంట్రాస్ట్ పొద్దున కాఫీ తాగుతూ చూస్తే కళ్ళలో గుచ్చుకుంటుంది.

లోపానికి పేరు దొరికాక రెండో ప్రశ్న: అది బాగుపడేదేనా? పెళ్ళిళ్ళలో ఎర్ర పట్టుచీర ఇందుకు మంచి పరీక్ష. ఫ్లాష్ వెలుగులో ఎరుపు ఒక్కటే హద్దు దాటిపోతుంది. అప్పుడు చీర మడతలు, అంచు నేత అన్నీ కలిసి ఒకే ఎర్ర ముద్ద అవుతాయి. ఫోన్ మామూలుగా దాచే జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగుకి 0 నుంచి 255 దాకా 256 మెట్లే ఉంటాయి. 255 దగ్గర గుద్దుకుని ఆగిపోయినచోట లోపల ఏ వివరమూ ఉండదు. వెలుగు భాగాల్ని సర్దే హైలైట్స్ ఎంత తగ్గించినా ఎర్ర ముద్ద కాస్తా మబ్బు ఎరుపు ముద్ద అవుతుందంతే. ట్యూన్ ఇమేజ్‌లో కింద మూల చిన్న గుర్తు నొక్కితే హిస్టోగ్రామ్ కనిపిస్తుంది, అంటే ఎడమ చివర చీకటి నుంచి కుడి చివర వెలుగు దాకా ఫొటోలో ఏది ఎంతుందో చూపే గ్రాఫ్. గ్రాఫ్ కుడి గోడకి అతుక్కుపోయి ఉంటే తెలుపు, వెలుగు భాగాలు పోయినట్టే, అక్కడితో వదిలేయడం మేలు. ఎండలో నిలబడి ఫోన్ తెర చూసి "డార్క్‌గా వచ్చింది" అనుకునేటప్పుడు కూడా ఈ గ్రాఫే నిజం చెబుతుంది.

ముఖ్యమైన ఫొటోలకి నేను ఫోన్ ప్రో మోడ్‌లో రా ఫైలు (కెమెరా ఇంకా దిద్దని ముడి ఫైలు) తీస్తాను. 12 బిట్ల రాలో 4096 మెట్లు, 14 బిట్లయితే 16384. డీఎన్‌జీ అనే రకం రా ఫైలు తెరిస్తే స్నాప్‌సీడ్ ముందుగా డెవలప్ అనే టూల్‌కి తీసుకెళ్తుంది. అక్కడ వైట్ బ్యాలెన్స్ మార్చినా రంగులు విరిగిపోవు. అయితే రా తీసిన ప్రతి ఫొటోకీ పని తప్పనిసరి, ఎందుకంటే అది వండని బియ్యం. పిల్లల పుట్టినరోజుకి వందల ఫొటోలు రాలో తీసి ఏ నెలాఖరుకో కూర్చుని దిద్దుదామనుకునేవాళ్ళకి ముందే ఒక నమస్కారం.

రిసెప్షన్ స్టేజీ మీద ఊదారంగు ఎల్‌ఈడీ లైట్ల సంగతి వేరు. ఆ వెలుగులో మిగతా రంగులు దాదాపు ఉండవు, కాబట్టి ఏ డ్రాపరూ చర్మాన్ని చర్మం రంగుకి తేలేదు. బ్లాక్ అండ్ వైట్ చేస్తే ఒక్కోసారి చక్కగా నిలబడుతుంది.

ఇక మన దగ్గర తప్పించుకోలేని మాట: "కొంచెం తెల్లగా చెయ్యరా." మా పెద్దమ్మ ప్రతి ఫంక్షన్‌కీ అడుగుతుంది. ఒకప్పుడు స్టూడియోల్లో నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసిన ఊళ్ళే ఇవి, కాబట్టి ఆవిడ కోరిక కొత్తదేం కాదు. నేను "అలాగే పెద్దమ్మా" అని ఫొటో తీసుకుని ముందు వెలుగు ఎటు నుంచి వచ్చిందో చూస్తాను. ఎక్కువసార్లు వెనక కిటికీయో ట్యూబ్‌లైటో ఉండి మొహం నీడలో పడి ఉంటుంది. సెలెక్టివ్ టూల్‌తో మొహం మీద ఒక చుక్క పెట్టి, రెండు వేళ్ళతో దాని పరిధి కుదించి, బ్రైట్‌నెస్ ఇరవై దాకా పెంచితే ఆవిడ ఒంటి చాయ ఆవిడదిగానే ఉండి మొహం కనిపిస్తుంది. "ఆఁ, ఇప్పుడు బాగుంది" అంటుంది. కావలసింది వెలుగు, అడిగింది తెలుపు. పోర్ట్రెయిట్ టూల్‌లో చర్మం నునుపు చేసే స్లైడర్ ఉంది కానీ నేను దాన్ని ముట్టుకోను. అరవై ఏళ్ళ మనిషికి ముడతలు తీసేస్తే ఆ మనిషి చెల్లెలు ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది.

ఒక చోట మాత్రం ఎవరు అడిగినా చెయ్యకూడదు. అమెరికా వీసా ఫొటోలో రూపాన్ని డిజిటల్‌గా మార్చకూడదని వాళ్ళ విదేశాంగ శాఖ నియమం. మచ్చ తీసే హీలింగ్ కూడా అందులోకే వస్తుంది. వార్తా ఫొటోల వాళ్ళకి ఇంకా కచ్చితం. రాయిటర్స్ వార్తా సంస్థ 2015లో తన ఫ్రీలాన్సర్లని రా నుంచి తయారుచేసిన ఫొటోలు పంపొద్దని, కెమెరాలో పుట్టిన జేపెగ్‌లే కావాలని చెప్పింది. ఇంట్లో గోడకి పెట్టుకునే ఫొటోకి ఇంత పట్టింపు అక్కర్లేదు, తీగ అడ్డం వస్తే తీసేస్తాను.

ఫోన్ ఫొటోల్లో ఇంకో మెలిక ఉంది. మన చేతికి వచ్చేసరికే అవి ఎడిట్ అయిపోయి ఉంటాయి. ఇప్పటి ఫోన్లు వరసగా కొన్ని ఫ్రేములు తీసి కలిపి, నీడలు లేపి, అంచులు పదును చేసి ఇస్తాయి. దాని మీద మళ్ళీ చిన్న వివరాల్ని ఎత్తిచూపే స్ట్రక్చర్ పెంచితే జుట్టు చుట్టూ తెల్లటి గీత వస్తుంది, గోడ సున్నం ఇసుకలా కనిపిస్తుంది. అందుకే ఫోన్ ఫొటోకి నేను పెంచడం కంటే తగ్గించడమే ఎక్కువ: వెలుగునీడల తూకం మార్చే యాంబియన్స్ మైనస్‌లోకి, స్ట్రక్చర్ మైనస్‌లోకి. వెలుగులో, నీడలో వివరాలన్నీ ఒకేసారి పైకి లాగే హెచ్‌డీఆర్ స్కేప్ ఫిల్టర్‌ని ఈ యాప్‌లోంచి తీసేసినా నాకు లోటు లేదు.

నచ్చనివి కూడా చెప్పాలి. నాయిస్ (చీకట్లో తీస్తే వచ్చే చుక్కలు) తగ్గించే టూల్ విడిగా లేదు, రాత్రి ఫొటోలకి వేరే యాప్ వెతుక్కోవాలి. హీలింగ్ చిన్న మచ్చలకి సరే, వెనక నిలబడిన మనిషిని తీయబోతే అక్కడ గోడ కరిగిపోతుంది. చేసిన మార్పుల్ని లుక్ అనే పేరుతో దాచుకుని ఇంకో ఫొటోకి వేయొచ్చు కానీ వంద ఫొటోలకి ఒకేసారి వేసే వీలు లేదు. పెళ్ళి ఆల్బం మొత్తం చేయాలంటే కంప్యూటర్ ముందు కూర్చోవలసిందే.

ఇందులో నేను అన్నిటికంటే ఎక్కువ వాడేది ఏ టూలూ కాదు, ఫొటో మీద వేలు నొక్కి పట్టుకుంటే అసలు ఫొటో చూపించే సదుపాయం. ప్రతి మార్పు తర్వాత నొక్కి చూస్తాను. తేడా ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తే ఆ మార్పు అనవసరం. వేలు తీయగానే ఉలిక్కిపడితే అది ఎక్కువైంది. చేసిన మార్పుల జాబితా చూపే వ్యూ ఎడిట్స్‌లోకి వెళ్ళి ఆ ఒక్క మెట్టునే చెరిపేయొచ్చు, మిగతావి అలాగే ఉంటాయి.

చివరిగా సెట్టింగ్స్‌లోకి వెళ్ళి జేపెగ్ నాణ్యత చూసుకోండి. 80, 95, 100 శాతం అని ఉంటాయి. ప్రింట్ వేయించేదైతే 100 పెట్టండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా జతచేయండి, మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని మళ్ళీ కుదించి నాణ్యత తగ్గించేస్తుంది.