కళ్ళ కింద ఉబ్బు ‘శాశ్వతంగా’ తీసేస్తామనే ఆ లైవ్ సీరమ్ కొనకండి

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, అందుకని ముందువెనకలు అటూ ఇటూ అయితే సర్దుకోండి. ఎవరి గురించో మీకు ఇట్టే అర్థమవుతుంది. రాత్రిళ్ళు లైవ్ పెట్టి, వయసు మీద జోకులు వేస్తూ క్రీములు అమ్మే ఆవిడే. పేరు రాయను. ఆ చిన్న ట్యూబ్ వీడియో చూడనివాళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరు.

ఆర్డర్ పెట్టడం, డబ్బు కట్టడం, పార్సిల్ రావడం అన్నీ మామూలే. గొడవంతా ఆ తర్వాతే. "కళ్ళ కింద సంచులు రెండు నిమిషాల్లో మాయం, మానకుండా రాస్తే నెలకల్లా శాశ్వతంగా పోతాయి అక్కా" అని ఆవిడ స్వయంగా చెప్పింది. ఆ వీడియో ఇప్పటికీ పైన పిన్ చేసే ఉంది, వెళ్ళి వినండి.

మొదటి ముక్క నిజమే. రాసుకుని అద్దం ముందు కూర్చుంటే చర్మం బిగుసుకుపోవడం తెలుస్తూనే ఉంది. ఉబ్బు నిజంగానే అణిగిపోయింది. ఇంతలో చెల్లెలు ఫోన్ చేసి ఏదో అంది, నవ్వాను. అంతే, కంటి కింద ఆ పొర ఎండిన చెరువు మట్టిలా బీటలు వారింది. తెల్లటి పొట్టు బుగ్గల మీద రాలింది. సాయంత్రానికి ఉబ్బు ఎక్కడిదక్కడే ఉంది, పైగా కంటి మూలల్లో మంట. మర్నాడూ అంతే, ఆ తర్వాత ఎప్పుడు రాసినా అంతే.

అప్పుడు డబ్బా మీది చిన్న అక్షరాలు చదివితే సోడియం సిలికేట్ అని ఉంది. అది ఆరుతున్నప్పుడు పలచని పొరలా గట్టిపడి కింద చర్మాన్ని లాగి పట్టుకుంటుంది. కొన్ని గంటలు పట్టుకుని ఉంటుంది, ముఖం కడిగితే పోతుంది. అది చేసే పని అంతవరకే. అసలు ఆ ఉబ్బు ఎందుకొస్తుంది? కంటి చుట్టూ ఉండే కొవ్వును ఒక సన్నని పొర లోపల ఆపి ఉంచుతుంది. వయసుతో ఆ పొర వదులై కొవ్వు ముందుకు తోసుకొస్తుంది. పైన ఏం రాసినా లోపలి కొవ్వు కదలదు, దాన్ని సరిచేసేది ఆపరేషనే. అంటే ‘శాశ్వతంగా’ అన్న మాట పచ్చి అబద్ధం. ఏం అమ్ముతోందో తెలిసే ఆవిడ ఆ మాట అంటోంది. ఎలా తెలుసంటే, వీడియోలో సీరమ్ రాసుకున్న మనిషి చివరిదాకా ఒక్కసారి కూడా నవ్వదు. కళ్ళు చికిలించదు, మాట్లాడదు. బొమ్మలా కూర్చుంటుంది, అక్కడితో వీడియో కట్. పొర పగులుతుందని వాళ్ళకి ముందే తెలుసు!

మర్యాదగానే మెసేజ్ పెట్టాను. "ఓపిక పట్టండి అక్కా, ఇంకా వాడండి" అన్నారు. వాడాను. మళ్ళీ అడిగితే "ట్యూబ్ ఓపెన్ చేశారు కదా, రిటర్న్ కుదరదు" అన్నారు. మూత తీయకుండా అది పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? దానికి జవాబు లేదు. సరే అని లైవ్‌లోనే కామెంట్ పెట్టాను. ‘మీరు చెప్పినట్టే వాడాను, ఉబ్బు పోలేదు, నా డబ్బు తిరిగి ఇవ్వండి’ అని రాశాను. ఒక్క దురుసు మాట లేదు అందులో.

దాన్ని పైకి చదివింది. చదివి, పక్కన ప్యాకింగ్ చేస్తున్న అమ్మాయి వైపు తిరిగి, "ఇదిగో విన్నావా, ఒక ఆంటీకి సంచులు పోలేదంట! ఆంటీ, నా దగ్గర సీరమ్ ఉంది గానీ కాలాన్ని వెనక్కి తిప్పే మిషన్ లేదు కదా!" అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అక్కడితో ఆగితే మింగేసేదాన్నేమో. నా ప్రొఫైల్ ఫోటో తెరిచి, పెద్దది చేసి, కెమెరాకి దగ్గరగా పెట్టి, "ఇవి సంచులు కాదమ్మా, సూట్‌కేసులు" అంది. తెర నిండా నవ్వు బొమ్మలు ఎగిరాయి. నేను చూస్తూనే ఉన్నాను. ఊపిరి కూడా తీసుకోకుండా "సరే, ఇంకా ఎన్ని ట్యూబులు మిగిలాయో చెప్పవే" అని అదే సీరమ్ మళ్ళీ అమ్మడం మొదలుపెట్టింది. నేను ఇంకో కామెంట్ టైప్ చేసేలోపు బ్లాక్.

వయసు మీద జోకులంటే నాకు పడక కాదు. మా స్నేహితుల మధ్య వేరే మాటే ఉండదు. "నీకు తెల్లవెంట్రుకలు వచ్చాయే" అంటే "రాలేదు, నల్లవి వెళ్ళిపోయాయి" అంటుంది ఒకామె. ఇంకొకామె కుర్చీలోంచి లేచేముందు ఇంట్లో అందరినీ ఎవరికేం కావాలో అడిగేస్తుంది, మళ్ళీ లేవాల్సిన పని లేకుండా. కడుపుబ్బ నవ్వుకుంటాం. ఆ నవ్వు వల్ల మోకాళ్ళ నొప్పి తగ్గదు గానీ భయం తగ్గుతుంది, నాకు అది చాలా విలువైనది. ఎందుకంటే అక్కడ నవ్వేవాళ్ళ మోకాళ్ళు కూడా నొప్పే. ఈవిడ చేసింది అది కాదు. సరుకు పనిచేయకపోతే తప్పు సరుకుది. దాన్ని జోకుగా మార్చి నా వయసు మీదకి తోసేసి, నా డబ్బు జేబులో వేసుకుంది. అడిగితే పరువు పోతుందన్న భయంతో ఎంతమంది నోరు మూసుకుని ఉంటారో ఆలోచించండి. ఆ వ్యాపారం నడిచేది ఆ సిగ్గు మీదే.

‘ఈ వయసులో ఇవన్నీ అవసరమా’ అని కింద రాయబోయేవాళ్ళకి ముందే చెబుతున్నాను. అవసరమో కాదో ఎవరి ముఖం గురించి వాళ్ళే తేల్చుకుంటారు. పనిచేసేవి నిజంగానే ఉన్నాయి కూడా. ట్రెటినాయిన్ క్రీముకి సన్నని ముడతల కోసం 1995లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. డాక్టర్ చెప్పాకే వాడాలి, ఫలితానికి నెలలు పడుతుంది. ఆస్ట్రేలియాలో నాలుగున్నరేళ్ళు జరిపిన ఒక అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ళ చర్మం, ఇష్టమైనప్పుడు మాత్రమే రాసుకున్నవాళ్ళ చర్మం కంటే 24 శాతం తక్కువగా ముదిరిందని తేలింది. వీటి గురించి ఎవరూ లైవ్ పెట్టి అరవరు, రెండు నిమిషాల్లో చూపించడానికి వాటిలో ఏమీ ఉండదు కాబట్టి.

ఇంకా కొనాలనే ఉంటే, లైవ్‌లో సీరమ్ రాసుకున్న మనిషిని ఒక్కసారి గట్టిగా నవ్వమని అడగండి. పదార్థాల జాబితా ఫోటో పంపమనండి. పంపకపోతే డబ్బు కట్టకండి. కట్టేముందే పిన్ చేసిన వీడియోని స్క్రీన్ రికార్డ్ చేసి పెట్టుకోండి, బ్లాక్ చేశాక దొరకదు. ఇప్పటికే కొన్నవాళ్ళు కంటి అంచుకి దగ్గరగా రాయకండి. మంట పుడితే వెంటనే ధారగా నీళ్ళతో కడిగేసుకోండి, అయినా తగ్గకపోతే కళ్ళ డాక్టర్‌కి చూపించుకోండి, వెళ్ళేటప్పుడు ఆ డబ్బా కూడా పట్టుకెళ్ళండి.