వేపగుంట ఫ్లాట్‌కి తీసుకున్న హోమ్ లోన్ రివ్యూ: ఐదుకి మూడున్నర

మాది విశాఖలో వేపగుంట వైపు పాత అపార్ట్‌మెంట్‌లో సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, ధర 16 లక్షలు, అందులో 12 లక్షలు లోన్. ఇచ్చింది చిన్న ఇళ్లకి అప్పులిచ్చే ఒక ప్రైవేట్ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ, పేరు రాయట్లేదు. మా ఆయన ఆటో నడుపుతారు, నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, పే స్లిప్పులూ ఐటీ రిటర్నులూ ఏవీ లేవు. చిన్న పిల్లలున్నారు, ఇప్పుడు కొనాలా ఇంకొన్నాళ్లు అద్దెకే ఉండాలా అని తేల్చుకోలేక ఉన్నవాళ్ల కోసం ఇది.

ముందు బావున్నవి. ఫీల్డ్ ఆఫీసర్ అని ఒకబ్బాయి ఇంటికొచ్చి కింద కూర్చుని నా ఆర్డర్ల పుస్తకం పేజీ పేజీ తిప్పాడు, లైనింగ్ బ్లౌజుకి ఎంత, ఫాల్ పీకోకి ఎంత, శ్రావణంలో ఎన్నొస్తాయి, ఆషాఢంలో ఎంతకి పడిపోతాయి అన్నీ అడిగి రాసుకున్నాడు, డ్వాక్రా వాయిదాలు టైముకి కట్టానా లేదా చూశాడు. నా కుట్టుపనిని ఆదాయం కింద లెక్కేసింది వీళ్లే, దీనికి ఫుల్ మార్కులు. లీగల్ కూడా గట్టిగా చూశారు, లింకు డాక్యుమెంట్లు అంటే పాత ఓనర్ల దస్తావేజులు, ఈసీ అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలూ తనఖాలూ చూపే కాగితం, ప్లాన్ అప్రూవల్ అన్నీ వాళ్ల లాయర్ చూసి ఓకే అన్నాకే ముందుకెళ్లాం, మనకి మనం అంత చూసుకోలేం.

ఇక వడ్డీ. 12 శాతం, ఫ్లోటింగ్, అంటే మధ్యలో రేటు పెరగొచ్చు, తగ్గొచ్చు. జీతగాళ్లకి బ్యాంకులో ఇంకా తక్కువకే దొరుకుతుంది, మాకు అక్కడ మాట ముందుకే వెళ్లలేదు. 15 ఏళ్లకైతే నెలకి 14,402, 20 ఏళ్లకైతే 13,213. నెలకి తేడా 1,189 రూపాయలే గానీ మొత్తం మీద చూస్తే 20 ఏళ్లకి 5 లక్షల 79 వేల దాకా ఎక్కువ కడతాం. అయినా మేం 20 ఏళ్లే పెట్టించాం, ఎందుకంటే జూన్‌లో ఫీజులు, పుస్తకాలు, బూట్లు అన్నీ ఒక్కసారే మీద పడతాయి, సరిగ్గా వెనకాలే ఆషాఢం, పెళ్లిళ్లుండవు, బ్లౌజులుండవు. ఆ రెండు నెలలు గట్టెక్కాలంటే ఈఎంఐ తక్కువుండాలి. ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్ ముందే కట్టేస్తే పెనాల్టీ వెయ్యకూడదని రూల్ ఉంది, కాబట్టి శ్రావణంలో, మాఘంలో మిగిలింది తీసుకెళ్లి అసలులో కట్టేస్తున్నాం. కట్టిన ప్రతిసారీ ఈఎంఐ తగ్గించొద్దు, నెలలు తగ్గించండి అని రాతపూర్వకంగా ఇవ్వాలి, లేకపోతే వాళ్లకి నచ్చినట్టు చేస్తారు.

బ్రాంచిలో 15 లక్షల దాకా ఇస్తాం, డబుల్ బెడ్‌రూమ్ చూసుకోండమ్మా అన్నారు. 20 ఏళ్లకి నెలకి 16,516. మా ఆయన రాత్రి పదకొండు దాకా రైల్వే స్టేషన్ దగ్గర బేరాలు చూసుకోవాలి, నేను ఇంకో షాపు ఆర్డర్లు కూడా ఒప్పుకోవాలి, అప్పుడు సాయంత్రం పిల్లల దగ్గర కూర్చునేదెవరు? ఎదిగే పిల్లలకి ఇంకో గది ఉంటే మంచిదే, కానీ అమ్మానాన్నలు ఇద్దరూ పనిలోనే ఉండిపోయే ఇంట్లో ఆ గది ఏం చేసుకుంటారండీ. వద్దన్నాం. ఎవరైనా లోన్ ఎంత తీసుకోవాలి అని అడిగితే నేను ముందు అడిగేది ఇదే, ఆ ఈఎంఐ కడితే సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఎవరుంటారు అని.

పిల్లల్లో వచ్చిన మార్పు మాత్రం కళ్లకి కనిపిస్తోంది. కంచరపాలెంలో అద్దెకున్నప్పుడు పైన ఓనరు గారు, వీళ్లు పరిగెడితే కేక, చుట్టాలొస్తే నీళ్ల గొడవ, రోజంతా పిల్లల్ని ష్ ష్ అంటూనే ఉండేదాన్ని, వాళ్ల మీద కసురుకోవడంలో సగం ఓనరు భయమే. ఇల్లు ఖాళీ చెయ్యమంటే మళ్లీ టీసీ, మళ్లీ కొత్త స్కూలు. పెద్దదానికి స్నేహితులు కుదిరేలోపే మారిపోయేది, క్లాసులో నోరు విప్పేది కాదు. ఇప్పుడు ఎనిమిదో తరగతి, పదో తరగతి దాకా ఇదే హైస్కూల్ అని తనకి తెలుసు, ఆ ధీమా మొహంలో కనిపిస్తుంది. నా కటింగ్ టేబుల్ ఏడు తర్వాత దాని చదువు టేబుల్. చిన్నోడు బట్ట మీద గీసే చాక్ ముక్క పట్టుకుని గోడ మీద ఎక్కాలు రాస్తాడు, పదమూడో ఎక్కం దాకా వచ్చాడు, నేను తుడవట్లేదు. ఆడుకోవడానికి మాత్రం పార్కింగే దిక్కు, బైకుల మధ్య, అది నాకు భయమే.

ఇప్పుడు ఒకటిన్నర స్టార్ ఎందుకు కోశానంటే, శాంక్షన్ లెటర్‌లో చూస్తే మేం అడగని ఇన్సూరెన్స్ ప్రీమియం లోన్‌లో కలిపేశారు. దానిక్కూడా 20 ఏళ్లు వడ్డీ పడుతుంది. గట్టిగా అడిగితే తీసేశారు, కానీ అడగనివాళ్ల సంగతేంటి? రెండోది కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్. వడ్డీ, ఛార్జీలు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన అసలు రేటు అందులో ఉంటుంది, 2024 అక్టోబర్ నుంచి ఇలాంటి లోన్లన్నింటికీ తప్పనిసరి, మనకి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. మాకు ముందు ఇంగ్లీషులోనే చేతిలో పెట్టారు, తెలుగులో కావాలని పట్టుబడితే గానీ రాలేదు.

రిజిస్ట్రేషన్‌కి విడిగా డబ్బు దాచుకోండి, స్టాంపు డ్యూటీ అన్నీ కలిపి 7.5 శాతం, 16 లక్షల మీద 1 లక్షా 20 వేలు, మాకు చీటీ డబ్బులు దానికే అయిపోయాయి. కేంద్రం ఇళ్ల పథకం పీఎం ఆవాస్ అర్బన్ 2.0లో వడ్డీ సబ్సిడీ గరిష్ఠంగా 1 లక్షా 80 వేలు, ఐదు వాయిదాల్లో వస్తుంది, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. మా రిజిస్ట్రేషన్ నా పేరు మీదే చేయించి అప్లై చేశాం, ఇంకా రాలేదు. అది వస్తుందన్న ధైర్యంతో ఈఎంఐ లెక్కలు వేసుకోవద్దు.

ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇచ్చేటప్పుడు ఏమేం ఇచ్చారో లిస్టు మీద సంతకం, సీలు వేయించుకోండి. లోన్ తీరాక 30 రోజుల్లో తిరిగివ్వాలి, వాళ్ల వల్ల లేటైతే రోజుకి 5,000 మనకివ్వాలి, ఆ రోజున ఈ లిస్టే అక్కరకొస్తుంది.