నాచు పట్టిన బయటి గోడలు: విశాఖలో కడిగించుకున్న పని తీరు

విశాఖపట్నంలో సొంత ఇల్లున్న వారికి బయటి గోడల మీది నల్లటి చారలను పరిచయం చేయనక్కర్లేదు. జూన్‌లో మొదలయ్యే నైరుతి వానలు తగ్గుముఖం పట్టేసరికి ఈశాన్య రుతుపవనాల వానలు అందుకుంటాయి. ఆ పైన సముద్రపు తేమ ఏడాది పొడుగునా గాలిలో ఉండనే ఉంటుంది కాబట్టి, ఎండ సరిగా తగలని ఉత్తరపు గోడకు పూర్తిగా ఆరే అవకాశం చాలా తక్కువ. మా ఇంట్లో పిట్టగోడ అంచు నుంచి చారలు కిందికి దిగి, సన్‌షేడ్‌ల అడుగున పాకుడు దట్టంగా పేరుకోవడంతో, రంగులు వేయించే ముందు గోడలు శుభ్రం చేసే పనిని ఊళ్ళోని ఒక చిన్న బృందానికి అప్పగించాము.

ఈ పనికి మనుషులు దొరకడం కష్టం కాదు, పని తెలిసిన మనుషులు దొరకడమే కష్టం. మేము అడిగిన వారిలో ఒకరు ప్రెషర్ వాషర్‌తో ఒక్క పూటలో కడిగేస్తామన్నారు, మరొకరు వైర్ బ్రష్‌తో గీకి నేరుగా ప్రైమర్ కొడతామన్నారు, ఇంకొకరు యాసిడ్ పోస్తే తళతళలాడుతుందన్నారు. ఈ బృందం మాత్రం ముందు నాచును చంపాలని, నీళ్ళ పని ఆ తరువాతేనని చెప్పింది. మేము వీరిని ఎంచుకోవడానికి ఆ ఒక్క మాటే కారణం, అది సరైన మాట కూడా. నాచు గోడ పైనే ఉండిపోదు, ప్లాస్టరింగ్‌లోని సన్నని రంధ్రాల్లోకీ, రంగు పొర పగుళ్ళలోకీ చేరుతుంది. నీటి వేగంతో పై పొరను లేపేస్తే ఆ రోజుకు గోడ తెల్లగానే కనబడుతుంది గానీ, లోపల మిగిలింది మొదటి నాలుగు వానలకే మళ్ళీ పైకి వస్తుంది. నల్లగా కనిపించే భాగం చాలావరకు మురికి కాదు. ఎండ నుంచి కాపాడుకోవడానికి ముదురు రంగు పదార్థాన్ని తయారు చేసుకునే సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు, వాటితో కలిసి పెరిగే బూజు అక్కడ ఉంటాయి.

వారు వాడిన మందు సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, అంటే ద్రవరూపంలో దొరికే బ్లీచ్. డబ్బా మీద తయారీ తేదీ చూపించి మరీ మూత తీశారు, ఆ శ్రద్ధ నాకు బాగా నచ్చింది. ఈ ద్రావణం నిల్వ ఉన్నకొద్దీ, ముఖ్యంగా వేడిలో, బలం కోల్పోతుంది కనుక పాత డబ్బా కొంటే డబ్బు దండగ. దానిని నీటిలో పలుచన చేసి, గోడకు కాసేపు అంటుకొని ఉండటానికి కొద్దిగా ద్రవపు సబ్బు కలిపారు. ముందుగా ఒక మూల అరచేయంత మేర రాసి, ఉన్న రంగు వెలిసిపోతుందేమో చూసుకున్నారు. ఆ తరువాత పొద్దెక్కక ముందే, మొక్కలకు మందు కొట్టే స్ప్రేయర్‌తో, అడుగు నుంచి పైకి పిచికారీ చేశారు. పై నుంచి మొదలుపెడితే పొడి గోడ మీద ద్రావణం కారి, ఆ దారులన్నీ చారలుగా మిగిలిపోతాయట. సన్‌షేడ్ అడుగున చిక్కటి ఆకుపచ్చ పొర చూస్తుండగానే గోధుమ రంగుకు తిరిగి, ఆపైన పాలిపోయింది. పావుగంట వరకు గోడను ఆరనివ్వకుండా తడిగా ఉంచి, మొండిగా మిగిలిన చోట్ల నైలాన్ బ్రష్‌తో రుద్దారు, వైర్ బ్రష్ ముట్టుకోలేదు.

కడగడం మాత్రం పై నుంచి కిందికి జరిగింది. యంత్రానికి సూదిలా కొట్టే నాజిల్ బదులు విసనకర్రలా విచ్చుకునే నాజిల్ బిగించి, గోడకు దూరంగా పట్టుకున్నారు. దగ్గరగా పెడితే ప్లాస్టరింగ్ ఇసుక రాలడమే కాక, వెంట్రుకవాసి పగుళ్ళలోంచి నీరు లోపలి గోడకు చేరుతుంది. మందారానికి, కరివేపాకు చెట్టుకు ముందే నీళ్ళు పట్టి, టార్పాలిన్ కప్పి, పని అయ్యాక మళ్ళీ ఆకులు కడిగారు.

ఇక్కడ యాసిడ్ గురించి గట్టిగా చెప్పాలి. బాత్రూం యాసిడ్ సిమెంటును తినేస్తుంది, అది హైపోక్లోరైట్‌తోనో బ్లీచింగ్ పౌడర్‌తోనో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. ఈ రెండింటినీ ఒకే రోజు ఒకే గోడ మీద వాడతామనే వారిని గేటు దగ్గరే ఆపేయండి. బ్లీచింగ్ పౌడర్ ఒక్కటే చవకగా పని చేస్తుంది గానీ, గోడ మీద సున్నపు పొడి మిగులుతుంది, దాన్ని బాగా కడగకపోతే రంగు సరిగా పట్టదు.

లోపాలూ ఉన్నాయి. బయటి స్విచ్ బాక్స్‌లకు, గేటు దీపాలకు కవర్లు చుట్టమని మేమే అడగాల్సి వచ్చింది. కరెంటుతో ముడిపడిన విషయం కాబట్టి దీనిని చిన్నదిగా తీసుకోలేను. కింది కిటికీ ఒకదాని సందులోంచి గదిలోకి నీరు వచ్చింది. అంతకన్నా పెద్ద లోటు, ఏసీ డ్రెయిన్ పైపు గోడ మీదికే కారుతోందని, పిట్టగోడ పైభాగం వాలు బయటి వైపుకు ఉందని వారు చూసి కూడా చెప్పకపోవడం. ఆ చారలకు మూలం అదే. పిట్టగోడ వాలు డాబా వైపుకు తిప్పించి, సన్‌షేడ్ అడుగు అంచున నీరు జారిపడే గాడి చేయించి, పైపును నేల దాకా దించితే తప్ప ఎంత మంచి మందైనా తాత్కాలికమే. ఆ పని మేము వేరే మేస్త్రీతో చేయించాము.

చదరపు అడుగు లెక్కన ఇచ్చిన ధర కేవలం నీళ్ళతో కడిగే వారికంటే బాగా ఎక్కువ. అయినా కిటికీలు, తలుపుల కొలత తీసేసి లెక్క కట్టారు, ఒప్పుకున్న మొత్తానికి పైసా ఎక్కువ అడగలేదు. గోడలు పూర్తిగా ఆరే వరకు ప్రైమర్ వేయవద్దని పెయింటర్‌కు కూడా చెప్పి వెళ్ళారు. సిమెంటు ప్లాస్టరింగ్ ఉన్న ఇళ్ళకు ఈ సేవను నిస్సంకోచంగా సూచిస్తాను. పాత సున్నపు గోడలున్న ఇళ్ళ వారు మాత్రం యంత్రం వద్దని ముందే చెప్పి, మందు, బ్రష్, మామూలు గొట్టపు నీటితోనే పని చేయించుకోవాలి.